నిందకు దొరికినవాళ్లు, లెక్కకు దొరకనివాళ్లు

2020 ఏప్రిల్ 24న తమిళనాడు ప్రభుత్వం చెన్నై, కోయంబత్తూరు, మదురై నగరాలకు ఒక ప్రకటన వినిపించింది. 26 నుంచి 29 దాకా నాలుగు రోజులు పూర్తి మూత. అప్పటిదాకా పొద్దున పూట తెరుస్తున్న కిరాణా కొట్లకు కూడా తాళమే. మధ్యలో మిగిలింది ఒక్క శనివారం. మదురై పది లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు. రోజు కూలితో గడిచే ఇంట్లో నాలుగు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, నూనె, చంటిపిల్లల పాలపొడి ముందే కొని పెట్టుకునే వీలుండదు. అందుకే జనం ఆ ఒక్క రోజే బజారుకు వచ్చారు. కొట్ల ముందు ఒకరి భుజం ఒకరికి తగులుతూ నిలబడ్డారు. సాయంత్రానికి టీవీలన్నిటిలో అవే దృశ్యాలు, వాటి మీద ఒకటే తీర్పు: జనానికి బాధ్యత లేదు.

ఆ ఉత్తర్వు రాసిందెవరు? ఒక్క రోజు గడువు చాలునని తేల్చిందెవరు? ఆ శనివారం గుంపుల్లో ఎంతమందికి జబ్బు అంటుకుంది? ఈ మూడు ప్రశ్నలకూ ఇవాళ్టికీ జవాబు లేదు. జవాబు చెప్పమని ఏ సభలోనూ ఎవరినీ గట్టిగా నిలదీయలేదు. ఆ రోజు సంచి పట్టుకుని వరసలో నిలబడినవాళ్ల మీద పడిన మచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది.

కొత్త వైరస్ వచ్చిన కాలంలో మన పాలకుల మీద మేము మోపే నేరం ఇదే. తప్పులు జరిగాయన్నది మా ఫిర్యాదు కాదు. తెలియని జబ్బు ముందు ఎవరికైనా తప్పులు జరుగుతాయి. తమ నిర్ణయాలకు తాము జవాబు చెప్పాల్సిన ప్రతిసారీ, జవాబు చెప్పుకోలేని మనిషిని ఎవరినో ఒకరిని జనం ముందుకు నెట్టారు. ఆ మనిషి మీద రాళ్లు వేయడానికి మనం కూడా ముందుకు వెళ్లాం. ఈ అభియోగంలో మన పేరు కూడా ఉంది.

తమిళనాడులో మొదటి కరోనా మరణం మదురైలోనే జరిగింది. దేశమంతా మూతపడిన తొలి రోజు, మార్చి 25 తెల్లవారుజామున, ప్రభుత్వ రాజాజీ ఆస్పత్రిలో ఒక రోగి చనిపోయాడు. ఆయన విదేశాలకు వెళ్లొచ్చినవాడు కాడు. అంటే జబ్బు అప్పటికే ఊళ్లో తిరుగుతోందన్న మాట. ఆ సంగతిని ఒప్పుకుని పరీక్షలు పెంచాల్సిన వారంలోనే ఢిల్లీ నిజాముద్దీన్‌లో జరిగిన తబ్లీగీ జమాత్ సమావేశం వార్త బయటపడింది. తమిళనాడు నుంచి వెయ్యి మందికి పైగా అక్కడికి వెళ్లొచ్చారు. వాళ్లను వెతికి పరీక్షలు చేయడం అవసరమే. ఆ పని చేసినందుకు ఎవరినీ తప్పుపట్టలేం. కానీ ప్రతి సాయంత్రం విలేకరుల సమావేశంలో కొత్త కేసులు ఇన్ని, అందులో ఢిల్లీ సమావేశానివి ఇన్ని అని విడదీసి చదివారు. ఆ లెక్క వింటూ దేశమంతా ఒక మతాన్ని వేలెత్తి చూపడం నేర్చుకుంది. అప్పటి ముఖ్యమంత్రి ఎడప్పాడి పళనిస్వామి జబ్బుకు మతం రంగు పులమొద్దన్నారు. ఆంధ్రప్రదేశ్ అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి కూడా అదే మాట అన్నారు. మంచి మాటలే. అప్పటికే ఎన్నో ఊళ్లలో పండ్ల బండివాడి దగ్గర బేరం ఆడే ముందు పేరు అడగడం మొదలైపోయింది. కొన్నాళ్లకు తమిళనాడు ఆరోగ్య శాఖ ఆ సమావేశం పేరు ఎత్తడం మానేసి ‘ఒకే మూలం’ అనసాగింది. పేరు తీసేసినా నాటుకున్న ద్వేషం పోలేదు.

ఆ కథ ముగింపు మదురైలోనే, హైకోర్టు ధర్మాసనం తీర్పులో రాసి ఉంది. చదివినవాళ్లు తక్కువ. బంగ్లాదేశ్, ఇండోనేసియా, థాయిలాండ్ నుంచి వచ్చిన 31 మంది జమాత్ సభ్యులు వీసా నిబంధనలు మీరారన్న కేసుల్లో రెండు నెలలకు పైగా జైల్లో ఉన్నారు. 2020 జూన్‌లో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్ వాళ్లు పడ్డ బాధ చాలునన్నారు, కేసులు ముగించి స్వదేశాలకు పంపే దారి చూపారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం ఇంకా కటువుగా మాట్లాడింది. మహమ్మారి వేళ ప్రభుత్వాలు బలిపశువులను వెతుక్కుంటాయని, ఈ విదేశీయులను అందుకే ఎంచుకున్నట్టు కనిపిస్తోందని చెప్పి కేసులు కొట్టేసింది. ఢిల్లీలో విదేశీ జమాత్ సభ్యులకు ఆశ్రయం ఇచ్చిన 70 మంది భారతీయుల మీద పెట్టిన 16 కేసులను అక్కడి హైకోర్టు రద్దు చేసేసరికి 2025 జూలై వచ్చింది. ఆరోపణ అన్ని చానళ్లలో వారాల తరబడి మోగింది. కొట్టివేత లోపలి పేజీలో ఒక రోజు వార్తగా వచ్చి పోయింది. పత్రికలవాళ్లం ఈ మాట మనకు మనమే చెప్పుకోవాలి.

అదే ఏప్రిల్‌లో అలంగానల్లూరు దగ్గర ముదువార్‌పట్టిలో ఒక జల్లికట్టు ఎద్దు చనిపోతే దాని అంత్యక్రియలకు వేల మంది వచ్చారు. దూరాలు లేవు, మాస్కులు లేవు. అధికారులు కేసులు పెట్టారు, అంతటితో ఊరుకున్నారు. ఆ వేల మంది ఏ కులం, ఏ మతం అని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే న్యాయం. ఆ న్యాయం అందరికీ ఒకేలా ఎందుకు అందలేదన్నదే మా ప్రశ్న.

చనిపోయినవాళ్లను కూడా వదల్లేదు. నెల్లూరులో రోగులకు వైద్యం చేస్తూ జబ్బు తెచ్చుకున్న ఒక డాక్టరు చెన్నైలో కన్నుమూశాడు. ఆయన దేహాన్ని అంబత్తూరు శ్మశానానికి తీసుకెళితే చుట్టుపక్కలవాళ్లు అడ్డుపడ్డారు. దేహాన్ని ఇంకో చోటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. వారం తిరక్కముందే చెన్నైలో పేరున్న ఒక న్యూరోసర్జన్ దేహాన్ని తీసుకెళ్తున్న అంబులెన్సు మీద రాళ్లు, కర్రలు పడ్డాయి. చివరకు ఆయన తోటి డాక్టరు అర్ధరాత్రి తన చేతులతో మట్టి కప్పాడు. రాళ్లు వేసినవాళ్లు దుర్మార్గం చేశారు, అందులో సందేహం లేదు. అయితే శవం నుంచి జబ్బు ఎలా వస్తుంది, ఎలా రాదు, ఎంత లోతు తవ్వుతారు, ఎవరు దగ్గరుంటారు అన్న నాలుగు మాటలు ఆ వీధిలో ముందుగా ఒక్క అధికారి వెళ్లి చెప్పాడా? జనం భయాన్ని జనానికే వదిలేసి, ఆ భయం రాయిగా మారాక అందరూ నిర్ఘాంతపోయారు. ఆ తర్వాత అంత్యక్రియలను అడ్డుకుంటే మూడేళ్ల దాకా జైలు అంటూ ఆర్డినెన్సు వచ్చింది.

ఆ రోజుల్లో ఒక రాజకీయ నాయకుడు చేసిన పని మాత్రం తలచుకోవాలి. మదురైలో పెరిగి సినిమాల్లోకి, అక్కడి నుంచి రాజకీయాల్లోకి వెళ్లిన, తెలుగింటి బిడ్డ విజయకాంత్, కరోనాతో చనిపోయినవాళ్లను పాతిపెట్టడానికి తన ఇంజినీరింగ్ కళాశాల స్థలంలో కొంత ఇస్తానన్నాడు. ఎవరినీ తిట్టలేదు, తన నేల ఇస్తానన్నాడు. ఆ నేల అవసరం పడిందా లేదా అన్నది వేరే సంగతి.

మార్కెట్ల వంతు మే నెలలో వచ్చింది. చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి జబ్బు జిల్లాలకు పాకగానే, తరలి వెళ్లమంటే వ్యాపారులు వినలేదని ప్రభుత్వం చెప్పింది. మదురైలో పరవై కూరగాయల మార్కెట్ పేరు అలాగే మారుమోగింది, జూన్ 24 నుంచి మదురై మళ్లీ మూతపడింది. మధ్యలో మే 7న ఇదే ప్రభుత్వం టాస్మాక్ మద్యం కొట్లు తెరిచింది. చెన్నైలో తెరవకపోయినా ఆ ఒక్క రోజు అమ్మకం 170 కోట్ల రూపాయలు దాటింది. ఆ వరసలూ కిలోమీటర్ల కొద్దీ సాగాయి. బియ్యం కోసం నిలబడినవాడిది నేరం, ఖజానా కోసం నిలబెట్టినవాడిది పాలన అయింది. సమూహ వ్యాప్తి లేదని ప్రభుత్వం చెబుతూనే వచ్చింది. ఈ జబ్బు ఎప్పుడు పోతుందో దేవుడికే తెలుసని జూన్‌లో ముఖ్యమంత్రి అన్నారు. అఖిలపక్ష సమావేశం పెట్టమంటే వాళ్లేమైనా డాక్టర్లా అని అంతకు ముందే అడిగి ఉన్నారు.

నింద లాఠీగా మారితే ఏమవుతుందో ఆ జూన్‌లోనే సాత్తాన్‌కుళంలో చూశాం. లాక్‌డౌన్ వేళ దాటాక సెల్‌ఫోన్ కొట్టు తెరిచి ఉంచారని తండ్రీకొడుకులను పోలీసులు పట్టుకెళ్లారు. ఇద్దరూ ప్రాణాలతో తిరిగి రాలేదు. ఒకరికి ఊపిరాడలేదని, ఇంకొకరికి ఆరోగ్యం బాగాలేదని ప్రభుత్వం మొదట చెప్పింది. మదురై ధర్మాసనం తనంతట తాను కేసు చేపట్టకపోతే ఆ మాటే మిగిలేది. జనమే దోషి అని మూడు నెలల పాటు పైనుంచి కింద దాకా చెబుతూ వస్తే, ఆ మాటను స్టేషన్లో అమలు చేసేవాడు ఒకడు దొరకక మానడు.

ఇక మేము ఎక్కువసేపు ఆగాల్సిన చోటు ఇది. మదురై పేరు వినగానే తెలుగు పాఠకుడి మనసులో మెదిలేది విశ్వనాథ నాయకుడు, తిరుమల నాయకుడి మహల్, మీనాక్షి గుడి ముందరి పుదుమండపం. అక్కడి నాయుళ్లు, రెడ్డియార్లు, కంబళత్తు నాయకర్లు ఐదు వందల ఏళ్లుగా ఇంట్లో తెలుగు నిలుపుకున్నారని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఆ ఊళ్లో, కోయంబత్తూరులో, ఇంకో తెలుగు కూడా ఉంది. అది తెల్లవారకముందే వీధి ఊడ్చే మనిషి తెలుగు. పారిశుధ్య పనిలో పెద్ద సంఖ్యలో ఉన్న అరుంధతీయుల్లో చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగే. వాళ్లు కూడా తరాల కిందట వచ్చి స్థిరపడినవాళ్లే. వాళ్లకు మహళ్లు లేవు. ఏ తెలుగు మహాసభల వేదిక మీదా వాళ్ల ప్రస్తావన వినబడదు.

2020లో ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు రోడ్డు మీద ఉన్నది వాళ్లే. జబ్బు వచ్చిన ఇంటి చెత్త తీసింది వాళ్లు, ఆ వీధిలో బ్లీచింగ్ చల్లింది వాళ్లు, ఆస్పత్రి వార్డుల్లో వాడి పారేసిన గుడ్డలు మోసింది వాళ్లు. మార్చి 22న దేశమంతా పళ్లేలు మోగించింది వాళ్ల కోసం కూడా. దండలు వేశారు, కాళ్లు కడిగారు, ఫొటోలు తీయించుకున్నారు. కాంట్రాక్టు కూలి మాత్రం కాంట్రాక్టు కూలిగానే ఉంది. ఇంటికి వెళితే ఇరుగుపొరుగు దూరం జరిగారు, జబ్బు తెస్తున్నారన్నారు. నగరాన్ని బతికించిన పనే వాళ్ల మీద నిందకు కారణమైంది. ఐదేళ్ల తర్వాత, 2025 ఆగస్టులో, చెన్నై రిప్పన్ భవనం ముందు పారిశుధ్య కార్మికులు తమ పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించొద్దని పగలూ రాత్రీ కూర్చుంటే, అర్ధరాత్రి పోలీసులు ఎత్తుకెళ్లి బస్సుల్లో పడేశారు. వాళ్లలోనూ ఎందరికో ఇంటి భాష తెలుగే. పళ్లేలు మోగించినవాళ్లలో ఆ రాత్రి ఎంతమంది నోరు విప్పారు?

పైవాళ్లు ఒకరి మీద ఒకరు వేసుకున్న నింద సంగతి వేరు. అందులో ఎవరికీ దెబ్బ తగల్లేదు. మదురై పొలిమేరలోని తోప్పూరులో ఎయిమ్స్ ఆస్పత్రికి 2019 జనవరి 27న ప్రధాని శంకుస్థాపన చేశారు. మహమ్మారి వచ్చింది, మొదటి కెరటం పోయింది, ఆ స్థలంలో ప్రహరీ గోడ తప్ప ఆస్పత్రి లేదు. 2021 ఎన్నికల ప్రచారంలో ఉదయనిధి స్టాలిన్ ఎయిమ్స్ అని రాసిన ఇటుకను చేత్తో ఎత్తి చూపిస్తూ ఊరూరా తిరిగారు. ఆయన చెప్పింది నిజం. ఆ ఇటుకకు చప్పట్లు మోగాయి, ఓట్లూ పడ్డాయి. ఆ తర్వాత కూడా కేంద్రం రాష్ట్రాన్ని, రాష్ట్రం కేంద్రాన్ని అంటూనే ఉన్నాయి. 2022లో తొలి విద్యార్థులను రామనాథపురంలో కూర్చోబెట్టారు. తోప్పూరులో అసలు కట్టడం పనులు మొదలయ్యేసరికి 2024 వచ్చింది. కానీ అదే తోప్పూరులో 2021 మే నెలలో, కొత్త ప్రభుత్వం వచ్చిన రెండు వారాలకు, 500 ఆక్సిజన్ పడకల కేంద్రాన్ని ముఖ్యమంత్రి స్టాలిన్ ప్రారంభించారు. కావాలనుకుంటే పడక ఎంత త్వరగా లేస్తుందో అక్కడే తెలిసింది. అందుకే మిగిలిన ఏళ్లను ఎవరూ సమర్థించుకోలేరు.

రెండో కెరటానికి ముందు అన్ని పార్టీలూ సభలు పెట్టాయి. 2021 ఏప్రిల్ 2న మదురైలో ప్రధాని సభ జరిగింది, ప్రతిపక్షం సభలకూ అంతే జనం. ఏప్రిల్ 26న మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సంజీబ్ బెనర్జీ ఎన్నికల సంఘాన్ని ఉద్దేశించి, దీనికంతటికీ మీరే కారణం, మీ మీద హత్య కేసు పెట్టాలేమో అన్నారు. ఆ మాట కటువన్నది సుప్రీంకోర్టు. సంఘం తన పరువు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సభలు పెట్టిన పార్టీల్లో ఒక్కటీ తన పాత్ర గురించి నోరు మెదపలేదు. మే మూడో వారానికి తమిళనాడులో రోజుకు 36 వేల కేసులు వచ్చాయి.

ఆ నెలాఖరుకు కోయంబత్తూరు రోజువారీ కేసుల్లో చెన్నైని దాటిపోయింది. ఆ ఎన్నికల్లో జిల్లాలోని పది శాసనసభ స్థానాల్లో డీఎంకే కూటమికి ఒక్కటీ రాలేదు. తొమ్మిది అన్నాడీఎంకేకి, ఒకటి బీజేపీకి. ఓట్లు వేయలేదని టీకాలు, పడకలు ఇవ్వడం లేదని ఒక పక్షం అంది. జనంలో విషం నింపుతున్నారని ఇంకో పక్షం అంది. ముఖ్యమంత్రిని వెనక్కి పొమ్మంటూ సామాజిక మాధ్యమాల్లో నినాదాలు నడిచాయి. మే 30న స్టాలిన్ పీపీఈ కిట్ వేసుకుని ఈఎస్‌ఐ ఆస్పత్రి వార్డులోకి వెళ్లారు. వెళ్లడం మంచిదే. కానీ ఒక జిల్లాకు ఎన్ని టీకాలు, ఎన్ని ఆక్సిజన్ సిలిండర్లు అందాయో రోజూ అంకెల్లో బయట పెడితే ఆ గొడవ మొత్తం రెండు రోజుల్లో తేలిపోయేది. ఇరుపక్షాలకూ గొడవే కావాలి, అంకెలు అక్కర్లేదు.

తెలుగు రాష్ట్రాలు ఇంతకంటే మెరుగని ఎవరూ అనుకోవద్దు. 2020 మార్చి 15న ఆంధ్రప్రదేశ్ ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ వైరస్ కారణంగా స్థానిక ఎన్నికలు ఆరు వారాలు వాయిదా వేస్తే, ముఖ్యమంత్రి విలేకరుల ముందు ఆయన కులం ఎత్తారు. జ్వరం మాత్రలతో, బ్లీచింగ్ పౌడరుతో పోయేదానికి ఎన్నికలు ఆపుతారా అన్నట్టు మాట్లాడారు. ఏప్రిల్‌లో ఆర్డినెన్సు తెచ్చి ఆయన్ను తప్పించారు. దేశమంతా ఇళ్లలో ఉన్నప్పుడు చెన్నై నుంచి మాజీ న్యాయమూర్తి కనగరాజ్‌ను విజయవాడకు రప్పించి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. హైకోర్టు మే 29న దాన్ని కొట్టేసింది. నర్సీపట్నం ఆస్పత్రిలో మాస్కులు లేవని అడిగిన డాక్టర్ సుధాకర్‌ను సస్పెండ్ చేశారు. నెల తర్వాత విశాఖ రోడ్డు మీద ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన దృశ్యం మనమంతా చూశాం. 2021 మేలో కర్నూలులో పుట్టిన కొత్త రకం వైరస్ అంటూ అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు భయపెట్టే మాటలన్నారు. ప్రభుత్వం దానికి సైన్సుతో జవాబు చెప్పడం మాని పోలీసు కేసుతో చెప్పింది. అదే వారంలో తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ఆగి 11 మంది చనిపోయారని అధికారులే లెక్క చెప్పారు. ట్యాంకరు ఆలస్యమైందట. ట్యాంకరు వచ్చేదాకా సరిపడా నిల్వ ఎందుకు లేదన్న ప్రశ్నకు ఏ పెద్ద కుర్చీ కదల్లేదు.

చివరికి చావుల లెక్క. చెన్నైలో వదిలేసిన 444 మరణాలను 2020 జూలైలో ఒక్క రోజే జాబితాలో కలిపారు. 2021లో అరప్పోర్ ఇయక్కం అనే స్వచ్ఛంద సంస్థ మదురై, కోయంబత్తూరు సహా ఆరు ప్రభుత్వ ఆస్పత్రుల మరణ ధ్రువపత్రాలను లెక్కబెట్టి, ప్రకటించినదానికంటే చావులు చాలా రెట్లు ఎక్కువని చెప్పింది. 2020, 21లలో భారతదేశంలో మామూలుకంటే 47 లక్షల చావులు ఎక్కువ జరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అధికారిక లెక్క ఐదు లక్షల లోపే. కేంద్రం ఆ అంచనాను తోసిపుచ్చింది. 2025లో కేంద్రమే విడుదల చేసిన నమోదు వివరాల్లో మాత్రం 2020లో 81 లక్షలున్న మరణాలు 2021లో కోటి రెండు లక్షలయ్యాయి. ఈ తేడాలో ఉన్న మనుషులు ఎవరు, ఏ వార్డువాళ్లు, ఏ పడక దొరక్క పోయారు? ధ్రువపత్రంలో కరోనా అన్న మాట లేక 50 వేల రూపాయల సాయానికి కూడా గడప గడపా తిరిగిన వితంతువులకు ఈ ప్రశ్న చాలా దగ్గరిది.

కేరళలో నిపా వార్త వచ్చిన ప్రతిసారీ కోయంబత్తూరు దగ్గర వాళయార్ చెక్‌పోస్టులో థర్మామీటర్లు బయటికి వస్తాయి. 2024లో, 2025లో మలప్పురంలో మనుషులు పోయారు. ఆ జబ్బు గానీ ఇంకొకటి గానీ రేపు ఆ దారిన రావచ్చు. వస్తే ఎవరిని తిట్టాలో మనకు ఇప్పటికే వచ్చు. ఎవరిని అడగాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. బ్రిటన్‌లో మాజీ న్యాయమూర్తి హాలెట్ బహిరంగ విచారణలో మాజీ ప్రధాని కూడా ప్రమాణం చేసి కూర్చొని ప్రశ్నలకు జవాబు చెప్పాడు. కర్ణాటక కరోనా కాలపు కొనుగోళ్ల మీదైనా జస్టిస్ డి'కున్హా కమిషన్ వేసింది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలు అలాంటి విచారణ జరిపించాలి, ఎవరి పాలనలో ఏం జరిగిందన్న తేడా లేకుండా. 2020 ఏప్రిల్ 24 ఉత్తర్వు ఫైలు, తోప్పూరు ఎయిమ్స్ ఉత్తర ప్రత్యుత్తరాలు, రుయా ఆక్సిజన్ నిల్వ పుస్తకం బల్ల మీద పెట్టించాలి. కరోనా విధుల్లో పనిచేసిన పారిశుధ్య కార్మికుల్లో ఇంకా కాంట్రాక్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ కొలువు ఖాయం చేయాలి. రాజాజీ ఆస్పత్రిలో, కోయంబత్తూరు వైద్య కళాశాల ఆస్పత్రిలో ఆ రెండేళ్లలో జరిగిన ప్రతి మరణం కారణాన్నీ బయటి వైద్యుల చేత మళ్లీ పరిశీలింపజేయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఆరోగ్య శాఖ నుంచి ఒక్క ఉత్తర్వు చాలు.